అర్ధరాత్రి బ్యాకప్‌కు మెమరీ ఎందుకు చాలదు?

డేటాబేస్ బ్యాకప్ అంటే స్థూలంగా ఒక డిస్కులో ఉన్న సమాచారానికి మరోచోట నకలు తీసి భద్రపరచడమే కాబట్టి, ఆ పనికి డిస్కులో తగినంత ఖాళీ ఉంటే చాలునని ఎవరికైనా అనిపిస్తుంది. అయినా చిన్న దుకాణాల బిల్లింగ్ సర్వర్ల నుంచి పెద్ద సంస్థల లావాదేవీల వ్యవస్థల దాకా, నెలల తరబడి సాఫీగా సాగిన బ్యాకప్ ఒకానొక రాత్రి మధ్యలో ఆగిపోవడం, మెమరీ చాలలేదన్న సందేశం లాగ్‌లో మిగలడం సర్వర్లను చూసుకునే వారికి పరిచితమైన సంగతే. ఆ రాత్రి ఎవరూ ఏ అమరికనూ మార్చి ఉండరు. డిస్కులో చోటు పుష్కలంగా ఉంటుంది. తెల్లవారి చూస్తే మెమరీ సగానికి పైగా ఖాళీగానే కనిపిస్తుంది. అదే ఆదేశాన్ని పగలు మళ్లీ నడిపితే బ్యాకప్ పూర్తయినా ఆశ్చర్యం లేదు.

ఇటువంటప్పుడు సర్వర్‌కు మరింత ర్యామ్ చేర్చడం అందరికీ ముందుగా తట్టే ఉపాయం, కొన్నిసార్లు అదే తగిన ఉపాయం కూడా. అయితే సక్రమంగా రూపొందిన బ్యాకప్‌కు కావలసిన మెమరీ, నకలు తీయవలసిన డేటా పరిమాణాన్ని బట్టి పెరగకూడదు. 4 గిగాబైట్ల డేటాకు ఎంత మెమరీ పడుతుందో 400 గిగాబైట్లకూ దాదాపు అంతే పట్టాలి. డేటా పెరిగే కొద్దీ మెమరీ అవసరమూ పెరుగుతోందంటే, సాగిపోవలసిన డేటా దారిలో ఎక్కడో పోగుపడుతోందని అర్థం. ఆ చోటును కనిపెట్టకుండా ర్యామ్‌ను రెట్టింపు చేసినా, కొంత కాలానికి ఆ పెంచినదీ నిండిపోయి సమస్య మళ్లీ మొదటికి వస్తుంది.

గాదె నుంచి గాదెకు

పెరటి గాదెలోని ధాన్యాన్ని వీధివైపు గాదెలోకి మార్చాలంటే మధ్యలో వసారా దాటాలనుకుంటే, గంప తరువాత గంప మోసుకుపోయేవారికి వసారాలో ఒక గంప పట్టేంత చోటు చాలు. గాదె ఎంత పెద్దదైనా ఆ చోటు పెరగనక్కరలేదు. మొత్తం ధాన్యాన్ని ముందు వసారాలో రాశిపోసి, ఆ తరువాతే అవతలికి ఎత్తాలనుకుంటే మాత్రం వసారా కూడా గాదె అంతది కావలసి వస్తుంది. సర్వర్‌లో మెమరీ స్థానం ఈ వసారాది. డిస్కు నుంచి చదివిన ప్రతి బైటూ రాసే చోటికి చేరేముందు ర్యామ్‌లో నుంచే పోవాలి గనుక బ్యాకప్‌కు మెమరీ తప్పదు; ఎంత కావాలన్నది మాత్రం మోసే పద్ధతిని బట్టి తేలుతుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పాటు వచ్చే మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ప్రోగ్రామ్‌లో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఒక పట్టికలోని వరుసలన్నింటినీ సర్వర్ నుంచి తెప్పించి తన మెమరీలో పేర్చుకున్నాకే రాయడం మొదలుపెట్టేది ఒకటి. వరుస అందిన వెంటనే రాసి, తరువాతి వరుస కోసం చేయి చాచేది రెండోది. రెండో పద్ధతిని ఎంచే ఐచ్ఛికానికి క్విక్ అని పేరు. చాలా కాలంగా ఇది ‘ఆప్ట్’ అనే ఐచ్ఛికాల కట్టలో భాగంగా, ఎవరూ అడగకుండానే అమలులో ఉంటోంది. ఆ కట్టలోనే పట్టికలకు తాళం వేసే ఐచ్ఛికం కూడా ఉండడంతో, పగటి వాడుకదారులకు ఆటంకం కలగకూడదన్న ఉద్దేశంతో ఎవరైనా ‘స్కిప్ ఆప్ట్’ అని చేర్చితే తాళంతో పాటు క్విక్ కూడా తెలియకుండానే తొలగిపోతుంది. పట్టికలు చిన్నవిగా ఉన్నంత కాలం తేడా కనిపించదు. ఏడాది తరువాత ఒక పట్టిక పరిమాణం ర్యామ్‌ను మించిన రాత్రి, కారణం ఏనాటిదో ఎవరికీ గుర్తుండదు. తాళం వద్దనుకునేవారు కట్టనంతా తీసివేయకుండా ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ అనే ఐచ్ఛికాన్ని వాడితే, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ అనే నిల్వ ఇంజిన్ పట్టికల విషయంలో తాళాలు లేకుండానే ఒకే క్షణానికి చెందిన నకలు లభిస్తుంది, క్విక్ కూడా నిలిచి ఉంటుంది.

సొంతంగా రాసుకున్న బ్యాకప్ స్క్రిప్టులలో ఈ పొరపాటు మరీ తరచుగా కనిపిస్తుంది. క్వెరీ ఫలితమంతటినీ ఒకే జాబితాగా తెచ్చుకునే పైథాన్ స్క్రిప్టు గానీ, వెబ్‌సైట్ నిర్వహణ పేజీ నుంచే పట్టికలను ఎగుమతి చేసే పీహెచ్‌పీ ప్లగిన్ గానీ ధాన్యాన్ని వసారాలో రాశిపోసే కోవకే చెందుతుంది. పీహెచ్‌పీలో ఒక్కో స్క్రిప్టుకు అనుమతించే మెమరీకి వేరే హద్దు ఉంటుంది; ఎవరూ మార్చకపోతే అది 128 మెగాబైట్లు. లాగ్‌లో 13,42,17,728 బైట్ల మెమరీ అయిపోయిందన్న వాక్యం కనిపిస్తే ఆ సంఖ్య సరిగ్గా 128 మెగాబైట్లే కాబట్టి, యంత్రంలో 64 గిగాబైట్లున్నా ఆ స్క్రిప్టుకు ఒరిగేదేమీ లేదని వెంటనే గ్రహించవచ్చు.

వసారాలో ముందే ఉన్న సామాను

క్విక్ పద్ధతి సక్రమంగా పనిచేస్తున్నా బ్యాకప్ ఆగిపోయిందంటే, మెమరీని తీసుకున్నది బ్యాకప్ ప్రోగ్రామ్ కాకపోవచ్చు. డేటాబేస్ సర్వర్ తాను డిస్కు నుంచి చదివిన పుటలను మళ్లీ అవసరమైనప్పుడు డిస్కు దాకా పోనక్కరలేకుండా మెమరీలోనే అట్టిపెట్టుకుంటుంది. ఇన్నోడీబీలో ఈ నిల్వను బఫర్ పూల్ అంటారు. ఎవరూ మార్చకపోతే దాని పరిమాణం 128 మెగాబైట్లే గానీ, డేటాబేస్‌కే అంకితమైన యంత్రంలో ర్యామ్‌లో 80 శాతం దాకా దానికి ఇవ్వడం వాడుకలో ఉంది. ఈ సలహాలో ‘డేటాబేస్‌కే అంకితమైన’ అన్న మాటను వదిలేసి శాతాన్ని మాత్రమే పట్టుకోవడం వల్ల వచ్చిన ఇబ్బందులు తక్కువేమీ కావు. చిన్న సంస్థల్లో డేటాబేస్, వెబ్ సర్వర్, బ్యాకప్ మూడూ ఒకే యంత్రం మీద నడవడమే రివాజు.

నెలల తరబడి లేని లోటు ఒక్క రాత్రి ఎందుకు బయటపడుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ బఫర్ పూల్‌లోనే ఉంది. 6 గిగాబైట్ల పూల్ కావాలని అమరికలో రాసినంత మాత్రాన డేటాబేస్ మొదలైన క్షణంలోనే 6 గిగాబైట్ల ర్యామ్ ఖర్చయిపోదు. పుటలు వచ్చి చేరే కొద్దీ అది నిండుతుంది. పగలంతా వాడుకదారులు ఇటీవలి లావాదేవీలనే చూస్తుంటారు కాబట్టి పాత సంవత్సరాల పుటలను ఎవరూ తాకరు, పూల్‌లో చాలా భాగం పేరుకే ఉంటుంది. డేటాబేస్‌లోని ప్రతి పట్టికనూ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివే ఏకైక పని బ్యాకప్; అంటే పూల్‌ను దాని పూర్తి హద్దు దాకా నింపేది కూడా సాధారణంగా అదే. డేటా మొత్తం 3 గిగాబైట్లున్న కాలంలో పూల్ 3 గిగాబైట్ల దగ్గరే ఆగేది. డేటా 6 గిగాబైట్లు దాటిన తరువాత బ్యాకప్ నడిచిన రాత్రే, ఎప్పుడో కాగితం మీద ఇచ్చిన 6 గిగాబైట్లను డేటాబేస్ మొదటిసారిగా నిజంగా వాడుకుంటుంది.

దీనిని ఒక ఊహాత్మక సర్వర్ మీద లెక్క కట్టి చూడవచ్చు. ర్యామ్ 8 గిగాబైట్లు, అంటే 8,192 మెగాబైట్లు. నిండిన బఫర్ పూల్‌కు 6,144. ఒక్కొక్కటి 60 మెగాబైట్లు తీసుకునే 20 వెబ్ ప్రాసెస్‌లకు 1,200. బ్యాకప్‌ను కుదించడానికి ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్‌ను దాని అత్యధిక స్థాయి అయిన 9లో, ఒకే థ్రెడ్‌తో వాడితే, దానికే 674 మెగాబైట్ల దాకా పడుతుంది. మొత్తం 8,018 కాగా, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, డేటాబేస్ ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఇచ్చే బఫర్లకూ, మిగిలిన చిల్లర ప్రాసెస్‌లకూ కలిపి మిగిలేది 174 మెగాబైట్లు. ఇది చాలదు. అదే ఎక్స్‌జెడ్‌ను మామూలు స్థాయి అయిన 6లో నడిపితే దాదాపు 94 మెగాబైట్లతో సరిపెట్టుకుంటుంది. ఒకేసారి 32 కిలోబైట్ల మేర మాత్రమే వెనక్కి చూసి కుదించే జీజిప్‌కు అందులో స్వల్ప భాగం చాలు. నకలు ఫైలు మరికాస్త చిన్నదైతే బాగుండునని ఎన్నడో పెంచిన కుదింపు స్థాయి ఇలా డేటాబేస్‌కే ఎసరు పెట్టడం, దోష కారణాల జాబితాలో చాలామంది చివరగా చూసే అంశం.

బ్యాకప్ వల్ల పూల్‌లోని విలువైన పుటలు చెదిరిపోకుండా, కొత్తగా చదివిన పుటలను పూల్ జాబితా ముందు భాగంలో కాక చివరి నుంచి సుమారు 8లో 3 వంతుల దూరంలో చేర్చే ఏర్పాటు ఇన్నోడీబీలో ఉంది. అయితే అది పూల్‌లో ఏ పుటలు నిలవాలన్నదాన్ని నిర్ణయిస్తుందే తప్ప పూల్ నిండకుండా ఆపదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ దారి వేరు: పెద్ద పట్టికను ఆసాంతం చదివేటప్పుడు అది చిన్న వలయంలోనే పుటలను తిప్పుకుంటూ పోతుంది.

┌─ పెట్టె: లేని మెమరీని ఇస్తానని ఒప్పుకోవడం

లైనక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ హృదయ భాగం, ప్రోగ్రామ్‌లు అడిగిన మెమరీని వెంటనే ర్యామ్‌లో కేటాయించదు. సరేనని ఒప్పుకొని, ప్రోగ్రామ్ ఆ చోటును నిజంగా తాకినప్పుడు మాత్రమే 4 కిలోబైట్ల పుట చొప్పున ఇస్తుంది. అడిగినదంతా ఎవరూ వాడుకోరన్న నమ్మకంతో, ఉన్నదానికి మించి కూడా ఒప్పుకుంటుంది. దీనిని ఓవర్‌కమిట్ అంటారు. సాధారణ దినాల్లో ఈ పద్ధతి వల్ల మెమరీ వృథా కాదు. అందరూ ఒకేసారి తమ వాటా కోరిన రోజున మాత్రం, ఇచ్చిన మాట నిలుపుకోలేని కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను బలవంతంగా ముగించి మెమరీని తిరిగి రాబట్టుకుంటుంది. ఆ పని చేసే భాగానికి ఓఓఎం కిల్లర్ అని పేరు. ఓవర్‌కమిట్‌ను 2 అనే విలువకు మార్చితే కెర్నెల్ లెక్కకు మించి ఒప్పుకోదు. అప్పుడు ప్రోగ్రామ్‌కు అడిగిన క్షణంలోనే నిరాకరణ ఎదురవుతుంది గానీ, మధ్యలో ప్రాణం పోయే అవకాశం చాలా తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అధికారిక పత్రాలు ఈ విలువనే సూచిస్తాయి.
└─

తెల్లవారాక దొరికే ఆనవాళ్లు

ఓఓఎం కిల్లర్ ఎవరిని ఎంచుకుంటుందన్నది ఈ సమస్యలో కీలకం. ప్రతి ప్రాసెస్‌కూ అది వాడుతున్న మెమరీని బట్టి ఒక మార్కు వేసి, ఎక్కువ మార్కు వచ్చినదాన్ని తొలగిస్తుంది. చివరి చుక్క మెమరీ అడిగినది కుదింపు ప్రోగ్రామే అయినా, అందరికంటే ఎక్కువ మెమరీతో కనిపించేది డేటాబేస్ గనుక వేటు దాని మీద పడుతుంది. సర్వర్ హఠాత్తుగా మాయమవడంతో బ్యాకప్ ప్రోగ్రామ్‌కు తెలిసేది ఒక్కటే: కనెక్షన్ తెగిపోయింది. అందువల్ల అది లాగ్‌లో రాసేది ‘క్వెరీ నడుస్తుండగా మైఎస్‌క్యూఎల్ సర్వర్‌తో సంబంధం తెగింది’ అన్న 2013 సంఖ్య గల లోపాన్ని. మెమరీ అన్న మాటే అందులో ఉండదు. ఇదే సంఖ్య నెట్‌వర్క్ చిక్కుల వల్లా, కాలపరిమితులు మించడం వల్లా వస్తుంది కాబట్టి, సందేశాన్ని మాత్రమే నమ్ముకున్నవారు నెట్‌వర్క్ కేబుళ్లను, ఫైర్‌వాల్‌ను అనుమానిస్తూ రోజులు గడపడం సహజం.

నిజం రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది కెర్నెల్ లాగ్: ఏ సమయంలో, ఏ పేరు గల ప్రాసెస్‌ను, అది ఎంత మెమరీ వాడుతుండగా ముగించారో అక్కడ స్పష్టంగా నమోదవుతుంది. రెండోది డేటాబేస్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో తెలిపే అప్‌టైమ్. యంత్రం మూడు నెలలుగా ఆగకుండా నడుస్తుండగా డేటాబేస్ అప్‌టైమ్ మాత్రం ఆరు గంటలే చూపిస్తే, రాత్రి అది చనిపోయి, సిస్టమ్‌డీ వంటి పర్యవేక్షక ప్రోగ్రామ్ చేతుల మీదుగా మళ్లీ లేచిందని తేటతెల్లమవుతుంది. ఉదయం మెమరీ సగానికి పైగా ఖాళీగా కనిపించడానికి కారణం కూడా ఇదే: కొత్తగా లేచిన డేటాబేస్‌లో బఫర్ పూల్ ఇంకా చాలావరకు నిండి ఉండదు. పగలు మళ్లీ నడిపిన బ్యాకప్ పూర్తి కావడానికీ ఈ తాత్కాలిక ఖాళీయే దోహదం చేస్తుంది, దానిని చూసి సమస్య దానంతటదే తీరిందనుకోవడం జరుగుతుంది.

చచ్చినది బ్యాకప్ ప్రోగ్రామే అయితే దాని నిష్క్రమణ సంకేతం 137గా నమోదు కావచ్చు. బలవంతంగా ముగించే 9వ సిగ్నల్‌కు 128 కలపగా వచ్చిన సంఖ్య అది. డాకర్ వంటి కంటైనర్లలో నడిచే బ్యాకప్‌లకు ఇది మరీ ముఖ్యం. కంటైనర్‌కు 512 మెగాబైట్ల హద్దు విధించి ఉంటే, బయట యంత్రంలో ఎంత ర్యామ్ ఖాళీగా ఉన్నా ఆ హద్దు దాటగానే లోపలి ప్రాసెస్‌కు ఇదే గతి.

మెమరీ కొలతలను చదవడంలో ఒక అపోహ పాతుకుపోయి ఉంది. లైనక్స్ వాడుకలో లేని ర్యామ్‌ను ఊరికే వదలక ఫైళ్ల నకళ్లతో నింపి పేజ్ కాష్‌గా వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేస్తుంది. అందుచేత ‘ఫ్రీ’ అన్న గడిలో చిన్న సంఖ్య కనిపించడం లోపం కాదు. చూడవలసినది ‘అవైలబుల్’ అన్న గడి. బ్యాకప్‌కు ముందు కాష్‌ను బలవంతంగా ఖాళీ చేయించే ఆదేశాన్ని రోజువారీ పనుల్లో చేర్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది గానీ, దానివల్ల డిస్కుకు పని పెరగడం తప్ప వేరే ఫలం లేదు.

ఒక్క వరుస బరువు

గంపలతో మోసినా ఒక్కో గంప ఎంత బరువుండవచ్చన్న ప్రశ్న మిగులుతుంది. పేర్లు, తేదీలు, మొత్తాలు ఉన్న వరుస కొన్ని వందల బైట్లకు మించదు. అదే స్కాన్ చేసిన పత్రాలనూ, వీడియోలనూ డేటాబేస్‌లోనే దాచే వ్యవస్థలో ఒక్క వరుస వంద మెగాబైట్లు ఉండవచ్చు. సర్వర్ దానిని చదివి ప్యాకెట్‌గా కడుతున్నప్పుడు ఒక ప్రతి, బ్యాకప్ ప్రోగ్రామ్ అందుకున్నప్పుడు మరో ప్రతి, ప్రత్యేక అక్షరాలకు ముందు గుర్తులు చేర్చి రాతకు అనువుగా మార్చేటప్పుడు ఇంకో ప్రతి తయారవుతాయి. ఈ మార్పులో పొడవు రెట్టింపు దాకా పెరగవచ్చు గనుక ప్రోగ్రామ్ ముందే రెట్టింపు చోటు పట్టుకుంటుంది. వంద మెగాబైట్ల వరుస అలా కొన్ని వందల మెగాబైట్లను ఆక్రమిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌డంప్ ఒకేసారి అందుకోగల ప్యాకెట్‌కు సాధారణ హద్దు 24 మెగాబైట్లు, గరిష్ఠ హద్దు 1 గిగాబైట్. హద్దు మించిన వరుస ఎదురైతే మెమరీ ఎంతున్నా బ్యాకప్ అక్కడే ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఒక్కో విలువకు హద్దు 1 గిగాబైట్. బైనరీ సమాచారాన్ని వచనంగా మార్చేటప్పుడు ఒక్కో బైటుకు రెండు అక్షరాలు పడతాయి కాబట్టి, 500 మెగాబైట్లకు పైబడిన బైనరీ విలువ డేటాబేస్‌లో నిక్షేపంగా ఉంటూనే బ్యాకప్‌లో మాత్రం హద్దు దాటి, చెల్లని మెమరీ కోరిక అన్న సందేశంతో విఫలం కావచ్చు. ఇంతటి ఫైళ్లను డిస్కులో వేరుగా ఉంచి, వాటి చిరునామాలను మాత్రమే డేటాబేస్‌లో దాచడం మేలన్న పాత సలహాకు ఇది బలమైన కారణాల్లో ఒకటి.

ర్యామ్‌తో సంబంధం లేని మెమరీ లోపం

మెమరీ అన్న మాట లేకుండానే మెమరీ లోపం ఉండగలిగినట్టే, మెమరీ చాలలేదని చెప్పే సందేశానికి ర్యామ్‌తో సంబంధం లేకపోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బ్యాకప్ ప్రోగ్రామ్ అయిన పీజీడంప్ పని మొదలుపెట్టగానే, బ్యాకప్ పూర్తయ్యేలోపు ఏ పట్టికనూ ఎవరూ తొలగించకుండా ప్రతి పట్టిక మీదా ఒక తేలికపాటి తాళం వేస్తుంది. ఈ తాళాల వివరాలు రాసుకునే చిట్టా, అన్ని ప్రాసెస్‌లూ పంచుకునే మెమరీలో, సర్వర్ మొదలైనప్పుడే నిర్ణయమైన పరిమాణంలో ఉంటుంది. సాధారణ అమరికలో ఒక్కో లావాదేవీకి 64 తాళాల చొప్పున, 100 కనెక్షన్లకు లెక్కించి సుమారు 6,400 తాళాలకు చోటు ఉంటుంది. ప్రతి వినియోగదారు సంస్థకూ విడి పట్టికలు సృష్టించే సాఫ్ట్‌వేర్‌లోనూ, ఒక పట్టికను రోజుకొక ముక్కగా విడగొట్టే వ్యవస్థలోనూ పట్టికల సంఖ్య ఆ హద్దును సులువుగా దాటుతుంది. అప్పుడు వచ్చే సందేశం ‘ఉమ్మడి మెమరీ అయిపోయింది’. దాని కిందనే ఏ అమరికను పెంచాలో సూచన కూడా ఉంటుంది గానీ, మొదటి పంక్తి చదివి ర్యామ్ కొనడానికి బయలుదేరినవారికి అది కనిపించదు. చిట్టా పరిమాణాన్ని పెంచి సర్వర్‌ను ఒకసారి పునఃప్రారంభిస్తే చాలు, ర్యామ్ ఒక్క గిగాబైట్ కూడా పెంచనక్కరలేదు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ చిక్కు మరో రూపం దాలుస్తుంది. అందులో బ్యాకప్ వాడే మెమరీ, బఫర్ల సంఖ్యను ఒక్కో బఫర్ పరిమాణంతో హెచ్చవేస్తే వచ్చేంత. త్వరగా పూర్తి కావాలన్న ఆరాటంతో 4 మెగాబైట్ల బఫర్లు 1,024 కావాలని కోరితే, అడుగుతున్నది 4 గిగాబైట్లని ఆ రెండు సంఖ్యలనూ విడివిడిగా చూసినవారికి తోచదు. 32 బిట్ల కాలంలో విండోస్ ఒక్కో ప్రాసెస్‌కు సాధారణంగా 2 గిగాబైట్ల చిరునామాలే ఇచ్చేది గనుక, అంతకంటే చాలా చిన్న కోరికలే అప్పట్లో బ్యాకప్‌లను నిలిపివేసేవి.

డేటా మొత్తాన్ని మెమరీలోనే ఉంచి నడిచే రెడిస్ వంటి డేటాబేస్ సంగతి వీటన్నిటికీ భిన్నం. అది నకలు రాయడానికి తనలాంటి పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. పుట్టిన క్షణంలో తల్లీ పిల్లా ఒకే పుటలను పంచుకుంటాయి, తల్లి ఏదైనా పుటను మార్చబోయినప్పుడే దానికి వేరే ప్రతి తయారవుతుంది. రాసే వేగం తక్కువగా ఉన్న రాత్రివేళ అదనపు మెమరీ అంతంత మాత్రమే పడుతుంది. వాడకం జోరుగా ఉన్న పగటివేళ సిద్ధాంతపరంగా రెట్టింపు దాకా పోవచ్చు. లైనక్స్ 4 కిలోబైట్లకు బదులు 2 మెగాబైట్ల పెద్ద పుటలు వాడుతున్నట్లయితే, కొన్ని బైట్ల మార్పుకే 2 మెగాబైట్ల ప్రతి తీయవలసి వస్తుంది. అందుకే ఆ సౌకర్యాన్ని ఆపివేయమనీ, ఓవర్‌కమిట్‌ను 1 అనే విలువలో ఉంచమనీ రెడిస్ పత్రాలు చెబుతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కోరేది 2, రెడిస్ కోరేది 1. రెండింటినీ ఒకే యంత్రం మీద పెట్టేవారు ఎటో ఒకవైపు సర్దుకోక తప్పదు. పిల్ల ప్రాసెస్‌ను పుట్టించలేకపోతే బ్యాకప్ తప్పిపోవడంతో ఆగదు: సాధారణ అమరికలో రెడిస్ అప్పటినుంచి కొత్త రాతలను స్వీకరించడం మానేస్తుంది, దానితో దానిమీద ఆధారపడిన వెబ్‌సైట్ మొత్తం స్తంభించవచ్చు.

విఫలమైనా విజయంగా నమోదయ్యే బ్యాకప్

ఆగిపోయానని చెప్పే బ్యాకప్ కంటే ప్రమాదకరమైనది, ఆగిపోయి కూడా పూర్తయినట్టు కనిపించేది. లైనక్స్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్ ఉత్పత్తిని పైపు ద్వారా జీజిప్‌కు అందించి ఫైలుగా రాయించడం సర్వసాధారణం. అయితే పైపుతో కలిపిన ఆదేశాల గెలుపోటములను షెల్ చివరి ఆదేశాన్ని బట్టే తీర్మానిస్తుంది. ముందున్న బ్యాకప్ ప్రోగ్రామ్ మెమరీ చాలక మధ్యలో చనిపోయినా, జీజిప్ తనకు అందినంత వరకు కుదించి, ఫైలును పద్ధతిగా మూసి, సున్నా అనే విజయ సంకేతంతో ముగుస్తుంది. పర్యవేక్షించే ప్రోగ్రామ్‌కు అంతా సవ్యంగానే తోస్తుంది. ఫైలు చెడిపోయిందేమో చూసే జీజిప్ పరీక్ష కూడా నెగ్గుతుంది, ఎందుకంటే అసంపూర్ణమైన వచనాన్ని అది సంపూర్ణంగానే కుదించింది. బాష్ షెల్‌లో పైప్‌ఫెయిల్ అనే అమరికను స్క్రిప్టు మొదట్లో చేర్చితే గొలుసులో ఎవరు విఫలమైనా మొత్తం విఫలమైనట్టు లెక్క.

┌─ పెట్టె: ఫైలు తోక చూడడం

బ్యాకప్ ప్రోగ్రామ్ ఒక్క బైటు కూడా ఇవ్వకుండా చనిపోతే, జీజిప్ తయారుచేసే ఖాళీ ఫైలు పరిమాణం 20 బైట్లు. నిల్వ చేసిన బ్యాకప్‌ల వరుసలో 20 బైట్ల ఫైలు కనిపించిందంటే ఆ రాత్రి నకలు అసలే లేనట్టు. మధ్యలో చనిపోయినదైతే ఫైలు చెప్పుకోదగ్గ పరిమాణంలోనే ఉంటుంది కాబట్టి దాని చివరి పంక్తిని చూడాలి: మైఎస్‌క్యూఎల్‌డంప్ సక్రమంగా ముగిసినప్పుడు డంప్ పూర్తయిందన్న వ్యాఖ్యను తేదీ, సమయంతో సహా చివర రాస్తుంది. వ్యాఖ్యలను మినహాయించే ఐచ్ఛికం వాడితే మాత్రం ఈ పంక్తి రాదు. అటువంటి చోట్ల పట్టికల సంఖ్యనూ, ముందురోజు పరిమాణాన్నీ పోల్చుకోవడమే దారి.
└─

దీనికి తోడు, ఏడు రోజులు దాటిన నకళ్లను తుడిచివేసే ఏర్పాటు చాలా స్క్రిప్టుల్లో ఉంటుంది. కొత్తవి అసంపూర్ణమని తెలియక పాతవి తుడుచుకుపోతూ ఉంటే, వైఫల్యం మొదలైన ఎనిమిదో రోజుకు పనికొచ్చే నకలు ఒక్కటీ మిగలదు.

నిశ్శబ్ద వైఫల్యం ఎంతదాకా పోగలదో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థకు ఎదురైన సంఘటన చూపింది. ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫైళ్లను తొలగించిన తరువాత వెతికితే, రోజూ తయారవుతున్నాయనుకున్న పీజీడంప్ నకళ్లు నిల్వలో లేనే లేవని తేలింది. అక్కడ కారణం మెమరీ కాదు, డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కాగా, బ్యాకప్ ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది నడుస్తూ ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైనట్టు తెలిపే ఈమెయిళ్లు వెళ్లినా, వాటిపై తగిన ధృవీకరణ సంతకం లేనందున అందుకునే సర్వర్ వాటిని తిరస్కరించింది. యాదృచ్ఛికంగా సుమారు 6 గంటల ముందు తీసిన మరో ప్రతి ఉండబట్టి సేవ తిరిగి నిలబడింది, ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. సంస్థ ఈ వివరాలన్నిటినీ దాచకుండా ప్రకటించడం మెచ్చదగినది.

చికిత్స, ఆపైన పునరుద్ధరణ

కారణం తేలాక చికిత్స తరచుగా చవకైనదే. బఫర్ పూల్‌ను యంత్రం మీది ఇతర పనులకూ చోటు మిగిలేలా తగ్గించడం, కుదింపు స్థాయిని దించడం, అర్ధరాత్రి రెండు గంటలకే మొదలయ్యేలా పెట్టిన నివేదికలను, సూచికల పునర్నిర్మాణాన్ని, బ్యాకప్‌ను వేర్వేరు వేళలకు జరపడం, ఇవి చాలా సందర్భాల్లో సరిపోతాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్ నెట్‌వర్క్ ద్వారా కూడా పనిచేస్తుంది గనుక దానిని, కుదింపును మరో యంత్రం మీద నడిపితే డేటాబేస్ యంత్రానికి భారం తగ్గుతుంది. ర్యామ్ నిండినప్పుడు కొన్ని పుటలను డిస్కు మీదికి నెట్టే స్వాప్ చోటును ఒకటి రెండు గిగాబైట్లు ఇవ్వడం వల్ల వేటు పడకుండా కొంత వ్యవధి చిక్కుతుంది, కాకపోతే డిస్కు వేగం ర్యామ్‌కు ఏ మూలకూ రాదు కాబట్టి దానినే శాశ్వత ఆధారం చేసుకోవడం తగదు. ఓఓఎం కిల్లర్ దృష్టి డేటాబేస్ మీద పడకుండా దాని మార్కును తగ్గించే వీలు కూడా ఉంది. అప్పుడు మరో ప్రాసెస్ బలి అవుతుందన్నది గుర్తుంచుకోవాలి.

డేటా వందల గిగాబైట్లకు చేరాక వరుసలను చదివి వచనంగా రాసే పద్ధతినే వదిలి, డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా ముక్కలు ముక్కలుగా నకలు చేసే భౌతిక బ్యాకప్‌కు మారడం సమంజసం. పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్, పోస్ట్‌గ్రెస్ వారి పీజీ బేస్‌బ్యాకప్ ఈ కోవలోనివి. ఇవి పట్టికలను క్వెరీల ద్వారా చదవవు కాబట్టి బఫర్ పూల్ వీటివల్ల నిండదు, వరుస బరువుతోనూ పని లేదు.

అయితే తీసేటప్పుడు పడిన మెమరీ వేరు, తిరిగి నిలబెట్టేటప్పుడు పడే మెమరీ వేరు. ఎక్స్‌ట్రాబ్యాకప్ తీసిన నకలును వాడుకకు సిద్ధం చేసే దశలో, నకలు తీస్తుండగా జరిగిన మార్పులన్నిటినీ దానికి మళ్లీ వర్తింపజేయాలి; అందుకు సాధారణంగా తీసుకునే మెమరీ 100 మెగాబైట్లే గనుక, పెద్ద నకళ్ల విషయంలో ఆ హద్దును పెంచకపోతే పని గంటల తరబడి సాగుతుంది. వచన రూపంలోని నకలుకు మరో అడ్డంకి ఉంటుంది. ప్యాకెట్ హద్దును 1 గిగాబైట్‌కు పెంచి తీసిన నకలులో వంద మెగాబైట్ల వరుస ఉంటే, దానిని స్వీకరించవలసిన కొత్త మైఎస్‌క్యూఎల్ 8.0 సర్వర్‌లో ఎవరూ మార్చని హద్దు 64 మెగాబైట్లే కాబట్టి, పునరుద్ధరణ సరిగ్గా ఆ వరుస దగ్గర ఆగిపోతుంది. విపత్తు వేళ హడావుడిగా అద్దెకు తీసుకున్న చిన్న యంత్రంలో పాత యంత్రపు అమరికలు ఉండవు గనుక, అమరికల ఫైలును కూడా ప్రతి రాత్రి నకలుతో పాటే భద్రపరచడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.